మూడో మనిషి మీద ఒట్టు

ఈ మధ్య ఒక లా కాలేజీ వాళ్ళు పిలిచి నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. శాలువా కప్పుతారని తెలుసు. అందుకే వెళ్ళాను, అబద్ధమెందుకు? హైదరాబాదు నుంచి వచ్చిన వక్త ఒకాయన చట్టం, నీతి, మతం అనే విషయం మీద గంటన్నర మాట్లాడాడు. మూడూ ఒకే నదికి పాయలన్నాడు. ధర్మం అనే ఒక్క మాటలో మూడూ ఇమిడి ఉన్నాయన్నాడు. మన పెద్దలకు వీటి మధ్య తగాదా అన్నదే తెలియదన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. అప్పటికే శాలువా కప్పేశారు కాబట్టి లేచి అరవలేకపోయాను.

ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. నల్గొండ జిల్లాలో కొన్నేళ్ళు వకీలుగా, తర్వాత మహబూబ్‌నగర్ జిల్లాలో మున్సిఫ్‌గా నా ఉద్యోగకాలం గడిచింది. ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో రాయను. అది పెన్షన్ కాగితాల్లో ఉంది, ఆసక్తి ఉన్నవాళ్ళు అక్కడ చూసుకోవచ్చు. కొత్తగా నల్లకోటు వేసుకుంటున్న పిల్లలకు నేను చెప్పగలిగింది ఒక ఆడమనిషి కేసు. ఆ మూడు పాయలూ ఒకేచోట కలవడం నేను కళ్ళారా చూశాను. కలిసినప్పుడు ఎవరు మునిగిపోయారో కూడా చూశాను.

ఒకే మాట

తెలుగులో ప్రమాణం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒట్టు పెట్టుకోవడం ప్రమాణమే. ఒక సంగతి నిజమని తేల్చే ఆధారం కూడా ప్రమాణమే. మాట ఒకటే కాబట్టి వస్తువు కూడా ఒకటే అనుకునే జబ్బు మనకు ఉంది. ఊళ్ళో మేక పోతే ఎవరూ మేక అడుగుల జాడ వెతకరు. అనుమానం ఉన్నవాణ్ణి గుడికి తీసుకుపోతారు. వాడు తడిబట్టలతో కర్పూరం ఆర్పితే మేక వాడు తీయలేదన్నమాట. మేక ఎవరింట్లో ఉడుకుతోందో వాసన వచ్చినా సరే.

ఊళ్ళో వాళ్ళు అలా చేస్తే నాకు పెద్ద కోపం లేదు. వాళ్ళకు పోలీసు దూరం, కోర్టు అంతకన్నా దూరం. కోర్టే ఆ పని చేస్తే ఏమనాలి? ఆ రోజుల్లో చేసేది. ప్రమాణాల చట్టంలో అప్పట్లో ఒక వెసులుబాటు ఉండేది. దావాలో ఒక పక్షం లేచి, “ఎదుటివాళ్ళు ఫలానా గుడిలోనో దర్గాలోనో ఫలానా విధంగా ఒట్టు వేసి చెబితే ఆ మాటకు నేను కట్టుబడతాను” అని కోర్టులో అనవచ్చు. ఎదుటివాళ్ళు ఒప్పుకుని ఒట్టు వేస్తే ఇక సాక్షులు అక్కర్లేదు, కాగితాలు అక్కర్లేదు, ఆ మాటే ఆఖరు. తర్వాతి కాలంలో కొత్త చట్టం వచ్చి దాన్ని తీసేసింది. ఇప్పటి పిల్లలకు చెబితే నేను కథలు అల్లుతున్నానని అనుకుంటారు.

నేను మొదలుపెట్టిన తాలూకా కోర్టులో మున్సిఫ్ సాబు పాత నిజాం జమానా మనిషి. షేర్వానీ గుండీలు మెడ దాకా పెట్టుకుని కూర్చునేవాడు. లంచం అన్న మాట ఆయన గడప తొక్కలేదు. అయినా సాక్షుల విచారణ అంటే ఆయనకు చెప్పలేనంత విసుగు. రెండో సాక్షి బోనెక్కేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “వకీలు సాబ్, హలఫ్ మీద ఖతం చేద్దమా?” అనేవాడు. హలఫ్ అంటే ఒట్టు. మేము సంతోషంగా తలలూపేవాళ్ళం. ఒక మెమో రాసుకుంటే నెలల తరబడి పెరిగే కేసు ఒక పూటలో తెగిపోతుంది. కక్షిదారులకు ఖర్చు తగ్గుతుందని పైకి అనేవాళ్ళం. మాకు పని తగ్గుతుందన్నది అసలు సంగతి.

అండాలమ్మ

ఆలేరు రైల్వే స్టేషను నుంచి ఎడ్లబండి మీద పూట దూరంలో ఒక ఊరు. అక్కడి నేతపని వాళ్ళ కోడలు అండాలమ్మ. భర్త పోయాడు. ఆరేళ్ళ కూతురు, పేరు యాదమ్మ. భర్త అన్న సత్తయ్య ఆ ఊళ్ళో కులపెద్ద. తమ్ముడి దినాలు అయిన మర్నాడే మగ్గం ఉన్న గదికి తాళం వేశాడు.

వితంతువులకు ఆస్తి ఇచ్చే కొత్త చట్టాలు మా వైపు ఇంకా రాని రోజుల్లో ఆ చావు జరిగింది. పాత లెక్క ప్రకారం అన్నదమ్ములు బతికుండగానే వేరుపడి ఉంటే తమ్ముడి వాటా అతని భార్యకు వస్తుంది. కలిసి ఉండగా తమ్ముడు పోతే అంతా అన్నదే, ఆమెకు ఇంత తిండీ ఇంత బట్టా ఇస్తే చాలు. కాబట్టి కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడింది. ఆ అన్నదమ్ములు వేరుపడ్డారా, లేదా?

ఆమె మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

“మా పొయ్యి వేరయ్యి నాలుగేండ్లయింది వకీలు సాబ్. మా ఆయన ఉన్నప్పుడే నడిమిట్ల గోడ పెట్టిండ్రు. తూర్పు దిక్కు మాది, మగ్గం గుంత గూడ గా దిక్కే ఉంది. గిప్పుడు మా బావ గా గోడ మేకలు రాకుండ పెట్టిందంటున్నడు. మేకలకు గోడెందుకు సారూ, తడిక సాలదా?”

“పంచిన పెద్దలెవరమ్మా?”

“ముగ్గురు. ఒకాయన సచ్చిపోయిండు. ఇద్దరున్నరు. అడిగితే యాదికి లేదంటున్నరు. మా బావ ముందట యాదికెట్లొస్తది?”

“ఇప్పుడెలా బతుకుతున్నావు?”

“వేరేటోళ్ళ ఇంట్ల మగ్గం మీద కూసుంటున్న. ఆడిది మగ్గమెక్కిందని నవ్వెటోళ్ళు నవ్వుతున్నరు. నా మగ్గం నాకిప్పియ్యి సారూ, ఇంకేమొద్దు.”

ఆమె చెప్పింది నిజమని నాకు ఆ రోజే అనిపించింది. ఊరికి వెళ్ళి గోడ చూశాక అనుమానమే లేదు. గోడకు రెండు వైపులా రెండు పొయ్యిల మసి ఉంది. బుద్ధి ఉన్న వకీలు అయితే ఆ గోడ చూడటానికి కోర్టు తరఫున కమిషనర్‌ను పంపమని అర్జీ పెట్టాలి. కుండలు చేసి ఇచ్చిన కుమ్మరిని, ఇద్దరికీ వేరువేరుగా నూలు ఇచ్చిన ఆసామిని సాక్షులుగా పిలవాలి. అవన్నీ నాకు తర్వాత తట్టాయి. అప్పటికి నాకు సన్నదు, అంటే వకీలు పట్టా, వచ్చి రెండేళ్ళయింది, తెలివి ఇంకా రాలేదు.

సత్తయ్య తరఫు వకీలు నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఒకరోజు కోర్టు వరండాలో భుజం మీద చెయ్యి వేసి, “ఎందుకు తమ్మీ ఇంత లొల్లి? నీ కక్షిదారు గుళ్ళె హలఫ్ తీసుకుంటే మావోడు వాటా ఇడిచిపెడ్తడు. మెమో నేనే రాసుకొస్త” అన్నాడు. రాసుకొచ్చాడు కూడా. వాది అయిన అండాలమ్మ స్నానం చేసి తడిబట్టలతో, ఆ ఊరి నరసింహస్వామి గుడిలో, తన కూతురి తల మీద చేయి వేసి, అన్నదమ్ములు వేరుపడ్డారని చెబితే దావా ఆమెదే. చెప్పకపోతే దావా కొట్టివేత.

నాకు అందులో తప్పేమీ కనబడలేదు. నిజం చెప్పేవాళ్ళకు భయమెందుకు అనుకున్నాను. అండాలమ్మ ఇచ్చిన వకాలతు నా దగ్గర ఉంది కాబట్టి ఆమె తరఫున నేనే సంతకం పెట్టేశాను. ఆ పెద్ద వకీలుకు చట్టం నాకంటే తక్కువే తెలుసు. తల్లుల సంగతి మాత్రం నాకంటే చాలా ఎక్కువ తెలుసు.

ఆమెతో, “గుళ్ళో ప్రమాణం చేస్తే అయిపోతుందమ్మా” అన్నాను.

“నిజం చెప్పెటందుకు బుగులేంది సారూ? ఎన్నడు రమ్మంటవ్?”

“సోమవారం పొద్దున. పాపను కూడా తీసుకురా.”

పాప ఎందుకో నేను చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పవలసినంత పెద్ద సంగతి అని నాకు తోచలేదు. ఈ వాక్యం రాయడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు సిగ్గుగా ఉంది.

సోమవారం

ఊరు ఊరంతా వచ్చింది. సత్తయ్య తెల్లటి ధోవతి కట్టుకుని, మనవణ్ణి చంకనెత్తుకుని ముందే నిలబడ్డాడు. కోర్టు పంపిన కమిషనర్ నా ఈడు వకీలే, చేతిలో మెమో పట్టుకుని చెమటలు తుడుచుకుంటున్నాడు. అండాలమ్మ బావి దగ్గర స్నానం చేసి తడిచీరతో వచ్చింది. యాదమ్మకు తలకు నూనె పెట్టి, గట్టిగా జడ అల్లి, పూలు పెట్టింది. పిల్లను రమ్మన్నది దర్శనానికేనని అనుకుంది పాపం.

పూజారి పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు. కమిషనర్ మెమో చదివాడు. “కూతురి తల మీద చేయి వేసి” అన్న మాట దగ్గర అండాలమ్మ తల ఎత్తింది.

“ఏమన్నడు సారూ? మల్లొక్కసారి చెప్పుమను.”

మళ్ళీ చదివాడు. ఆమె పిల్లను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి తన తడిచీర చాటుకు నెట్టుకుంది.

“స్వామి పాదం మీద చెప్త. నా రెండు కండ్ల మీద చెప్త. అబద్ధమైతే నా చేతులు పడిపోనియ్యి, మగ్గంల నాడె పట్టకుండ గానియ్యి. పిల్లను నడిమిట్లకు తేకుండ్రి.”

“సూసిండ్రా అందరు?” అన్నాడు సత్తయ్య జనం వైపు తిరిగి. “నిజమైతే గింత బుగులెందుకు?”

జనం గొణిగారు. నేను ఆమె దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, “అమ్మా, నువ్వు చెప్పేది నిజమే కదా. నిజం చెబితే పిల్లకేమవుతుంది?” అన్నాను. చదువుకున్నవాడి ప్రశ్న అది. ఆమె నా వంక జాలిగా చూసింది.

“నీకెర్క లేదు సారూ. నాకు గీ పిల్ల కంటె ముందు ఇంకో పిల్ల ఉండె. రాజవ్వ. ఆసామి ఇంట్ల నూలు పోయిందని మా ఆయన మీద పెట్టిండ్రు. ఆయన తియ్యలే. గిదే స్వామి ముందట, గిట్లనే, రాజవ్వ తల మీద చెయ్యి పెట్టి చెప్పిన. నిజమే చెప్పిన. ఏడాది తిరగకముందే తల్లి పోసి పోయింది.” పిల్లను ఇంకా దగ్గరికి లాక్కుని, “అప్పుడు గూడ నిజమే చెప్పిన సారూ” అంది.

మశూచి వైరస్ వల్ల వస్తుందని చెప్పాలా? నిజం చెప్పినవాళ్ళ పిల్లలు చావరని చట్టం హామీ ఇస్తోందని చెప్పాలా? “చెప్పమ్మా, ఏం కాదు” అని ఇంకోసారి అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, పిల్లను తీసుకుని గుడి మెట్లు దిగింది.

అప్పుడు ఎవరూ అడగకుండానే సత్తయ్య ముందుకు వచ్చాడు. “నేను చేస్త, నాకేం బుగులు?” అని మనవడి తల మీద చెయ్యి వేసి, తమ్ముడూ తానూ ఎన్నడూ వేరుపడలేదని ఒక్క ఊపిరిలో చెప్పి, కర్పూరం అరచేత్తో ఆర్పేశాడు. ఆ ఒట్టుకు చట్టంలో విలువ లేదు. జనంలో మాత్రం కేసు అక్కడే తెగిపోయింది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేవాడికి ఏ దేవుడైతేనేం? సత్తయ్యకు ఏమీ కాలేదు. నిండుగా బతికి, ఇంట్లోనే నిద్రలో పోయాడు. ఆ మనవడు పెరిగి బడిపంతులయ్యాడని విన్నాను. సంతోషమే. ఆ పిల్లవాడికి చెడు జరగాలని నేను ఎన్నడూ కోరుకోలేదు.

జనం వెళ్ళిపోయాక పూజారి పళ్ళెం కడుగుతూ నాతో అన్నాడు: “మా నాయిన కాలం నుంచి సూస్తున్న సారూ. ఒట్టు ఎయ్యనన్నోళ్ళల్ల దొంగను నేను సూడలే.” ఆయన కోర్టు మనిషి కాదు కాబట్టి ఆ మాట కమిషనర్ నివేదికలోకి ఎక్కలేదు. నివేదికలో ఎక్కింది ఒక్క వాక్యం: వాది ప్రమాణం చేయుటకు నిరాకరించినది. మున్సిఫ్ సాబు రెండు ముక్కల్లో దావా కొట్టేశాడు.

సెక్షను చివరి దాకా

తర్వాతి వారం, నేను పని నేర్చుకుంటున్న మా సీనియర్ వకీలు ఇంట్లో ప్రమాణాల చట్టం పుస్తకం తీసి చదివాను. వాడటం మొదలుపెట్టాక దాన్ని చదవడం అదే మొదటిసారి. నవ్వకండి, మీలోనూ చాలామంది అంతే. ఆ సెక్షనులోనే, రెండు మూడు పంక్తుల కింద, ఆ ఒట్టు న్యాయానికీ సభ్యతకూ విరుద్ధంగా ఉండకూడదని, మూడో మనిషికి తగిలేదిగా ఉండకూడదని ఉంది.

మూడో మనిషి! కూతురి తల మీద ఒట్టు ఆ చట్టం ప్రకారమే చెల్లదు. మున్సిఫ్ సాబు దాన్ని ఒప్పుకోకూడదు. ఎదుటి వకీలు రాయకూడదు. నేను సంతకం పెట్టకూడదు. ముగ్గురం కలిసి ఆరేళ్ళ పిల్ల తలను కోర్టు దస్తావేజు చేశాం.

ఆ చట్టం రాసినవాడు ఎవడో తెల్లదొర అయ్యుంటాడు. తల్లి బిడ్డను పణం పెట్టదనీ, అలా పెట్టమని అడగడం కోర్టుకు తగదనీ వాడికి తెలిసింది. ఈ ఇళ్ళల్లో పుట్టి, అమ్మ చేత “ఒట్లు పెట్టుకోకురా, నిజానికైనా పెట్టుకోకు” అని వీపు మీద దెబ్బలు తిని పెరిగిన నాకు తెలియలేదు. చట్టంలో నీతి ఒక్క పంక్తి ఉంటే దాన్ని చదవకుండా పేజీ తిప్పాం. కంచే చేను మేసిందంటే ఇదే.

వేదికల మీద మాట్లాడేవాళ్ళు ఒకసారి ఆ గుడి మెట్ల మీద నిలబడి చూడాలి. చట్టం ఉంది అక్కడ, మెమో పట్టుకుని. మతం ఉంది, కర్పూరం పళ్ళెంతో. నీతి తడిచీరతో వణుకుతూ పిల్లను దాచుకుంటోంది. మిగిలిన ఇద్దరూ కలిసి దాన్ని అబద్ధాలకోరని తేల్చారు. దేవుడంటే నిజంగా భయమున్న మనిషి ఓడిపోయింది, భయం లేనివాడు గెలిచాడు. సాక్ష్యం వెతకడానికి బద్ధకించిన కోర్టు ఊరి భయాన్ని అరువు తెచ్చుకుని, దానికి ధర్మం అని పేరు పెట్టుకుంటే జరిగేది అదే. మతాన్ని నేను తిట్టడం లేదు. దేవుణ్ణి చప్రాసీగా పెట్టుకున్న కోర్టును తిడుతున్నాను.

నాస్తిక మున్సిఫ్

కొన్నేళ్ళకు నేనే మున్సిఫ్‌నై మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక తాలూకాకు వెళ్ళాను. వెళ్ళిన కొత్తలోనే ఒక మెమో వచ్చింది. బావి నీళ్ళ వంతు గురించి ఇద్దరు దాయాదుల తగాదా. ఒకడు తన భార్య పుస్తెలు పట్టుకుని ఒట్టు వేస్తే ఇంకొకడు కట్టుబడతాడట.

“ఆమె ఎక్కడుంది?” అని అడిగాను.

“ఎవరు సార్?” అన్నాడు వకీలు.

“పుస్తెలు ఎవరి మెడలో ఉన్నాయో ఆమె.”

“ఆమెతోని ఏం పని సార్? ఒట్టేసేది మొగడు గదా.”

కోర్టు హాలంతా నవ్వింది. నేను మెమో తిరస్కరించి సాక్షులను పిలవమన్నాను. వాయిదాలు పడ్డాయి. నాకూ విసుగొచ్చింది, మా పాత మున్సిఫ్ సాబు విసుగు నాకు అప్పుడు అర్థమైంది. చివరికి భూముల లెక్కలు రాసే పాత పహాణీ కాగితాల్లో ఎవరి వంతు ఎంతో స్పష్టంగా దొరికింది. పుస్తెల మీద ఒట్టు వేస్తానని ఎగిరినవాడిదే అబద్ధం. అలా మూడు నాలుగు మెమోలు తిప్పి పంపేసరికి బార్‌లో నాకు నాస్తిక మున్సిఫ్ అని పేరు పెట్టారు. రోజూ సంధ్య వార్చి కోర్టుకు వెళ్ళేవాణ్ణి నేను.

తనిఖీకి వచ్చిన జిల్లా జడ్జి గారు పెండింగు కేసుల పట్టిక చూసి ముఖం చిట్లించారు.

“హలఫ్ మీద తెగే కేసులు గూడ నానబెడ్తున్నవట. దేవుని మీద నమ్మకం లేదా నీకు?”

“ఉంది సార్. సాక్షుల జాబితాలో ఆయన పేరు లేదు.”

ఆయన నవ్వలేదు. పనిలో జాప్యం ఎక్కువ అని నా ఫైలులో రాసి వెళ్ళారు. ఆ రిమార్కు మీద నాకు ఈనాటికీ గౌరవం ఉంది. రిటైరైన రోజు బార్ వాళ్ళు సభ పెట్టి నన్ను ధర్మమూర్తి అన్నారు. నేను తల వంచుకుని కూర్చుంటే వినయం అనుకున్నారు.

అప్పీలు

నిజానికి అండాలమ్మ కేసు మున్సిఫ్ కోర్టులో ఆగలేదు. అప్పీలు సంగతి రాయకుండా దాటేద్దామని పైన సెక్షను దగ్గరే ముగించాను. పిల్లలకు నీతులు చెప్పి, నా సంగతి మింగేస్తే ఆ వక్తకూ నాకూ తేడా ఏముంది?

మూడో మనిషి అన్న ముక్క పట్టుకుని జిల్లా కోర్టులో అప్పీలు వేశాం. వాదించింది మా సీనియర్. ఎదుటి వకీలు లేచి, అది ఉత్త ప్రమాణం కాదు, ఇరుపక్షాలూ తెలిసి ఒప్పుకున్న రాజీ అన్నాడు. జడ్జి గారు ఒక్క ప్రశ్న వేశారు. ఆ ఒప్పందం వాదికి పూర్తిగా తెలుసా? ఆమె తరఫున సంతకం పెట్టిన వకీలు హలఫ్‌నామా, అంటే ఒట్టు మీద రాసిన కాగితం, దాఖలు చేయాలన్నారు.

అంటే నేను. చెప్పవలసింది ఒక్క వాక్యం: పిల్ల తల మీద ఒట్టు అన్న సంగతి నేను ఆమెకు చెప్పలేదు. ఆ వాక్యం రాస్తే మెమో పోతుంది, కేసు మళ్ళీ మొదటికి వస్తుంది, గోడను చూడటానికి కమిషనర్ వెళతాడు, ఆమె మగ్గం ఆమెకు దక్కవచ్చు. ఆ రోజు సీనియర్ నన్ను ఇంటికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

“కక్షిదారుకు చెప్పకుండ దస్తఖత్ పెట్టిన అని నీ చేత్తోని నువ్వే రాసిస్తవా? నీ సన్నదు మీద దరఖాస్తు పడ్తది. పడకున్నా, రేపటికెల్లి నీకు కేసెవడిస్తడు? ఆమెకు ఒక మగ్గం పోతది. నీకు బతుకే పోతది. సోంచాయించుకో.”

ఇంట్లో ఆరు నెలల పాప. అద్దె ఇల్లు. నేను సోంచాయించుకున్నాను.

‘దేవుని సాక్షిగా ప్రమాణం చేసి చెప్పునదేమనగా, మెమోలోని షరతులన్నియు వాదికి వివరముగా తెలియజేసితిని’ అని రాసిన కాగితం కింద సంతకం పెట్టాను. నేను చదువుకున్నవాణ్ణి కదా, ఒట్టు నాకు ఉత్త లాంఛనం. ఆ కాగితం చాలు, అప్పీలు కొట్టేశారు. అండాలమ్మను అబద్ధాలకోరుగా తేల్చింది సత్తయ్య ఒట్టు కాదు. దానికి చట్టంలో విలువే లేదని పైన రాశాను. విలువ ఉన్నది నా ఒట్టుకు.

తీర్పు రోజు ఆమె కూడా వచ్చింది. కోర్టు గుమాస్తా ఎవరో ఆమెకు తెలుగులో చెప్పినట్టున్నాడు. వరండాలో నన్ను ఆపింది. యాదమ్మ ఆమె కొంగు పట్టుకుని ఉంది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలి కూడా. మన్ను పోసి శపిస్తే నాకు ఇంత బరువు ఉండేది కాదు.

“నాకు అన్నీ చెప్పిన అని రాసిచ్చినవట గదా సారూ?”

అవునన్నాను. నేల వైపు చూస్తూ అన్నాను.

“నీకు పిల్లలున్నరా?”

“ఒక పాప ఉందమ్మా. ఆరు నెలలు.”

ఆమె ముఖం మారిపోయింది. నా దగ్గరగా వచ్చి, ఎవరూ వినకుండా, నిజంగా భయపడుతూ అడిగింది.

“గా పిల్ల మీద ఒట్టు పెట్టలేదు గదా నువ్వు?”

“లేదమ్మా. దేవుని మీద అన్నాను. అంతే.”

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. యాదమ్మ చెయ్యి పట్టుకుని, సద్ది మూట చంకన పెట్టుకుంది.

“గట్లయితే ఫికరు లేదు తియ్యి. దేవుడు ఓర్చుకుంటడు.”